ఎర్తు లేని పాత ఇంట్లో ఇత్తడి లైటు బిగించిన ఎలక్ట్రీషియన్ పని గురించి

కోనసీమలో మా తాతగారు 1958లో కట్టించిన మండువా ఇంటి హాలులో, మధ్య దూలానికి అయిదు కొమ్మల ఇత్తడి లైటు వేలాడదీయాలన్నది మా అమ్మగారి చిరకాల కోరిక. లైటు కొన్నాక బిగించడం గంట పని అనుకున్నాము. పదకొండు రోజులు పట్టింది. అయినా ఆ పని చేసిన ఎలక్ట్రీషియన్‌ను, ఇలాంటి పాత ఇళ్ళున్న ప్రతివారికీ నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

కొత్త లైటు నుంచి ఎరుపు (కరెంటు తెచ్చే ఫేజు), నలుపు (కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్), ఆకుపచ్చ (ఇత్తడి ఒంటికి కలిపిన ఎర్తు) రంగుల్లో మూడు వైర్లు వచ్చాయి. దూలం మీది సీలింగ్ రోజ్‌లో, అంటే లైటు వైర్లు కలిపే గుండ్రటి డబ్బీలో, ఉన్నవి రెండే. మొదట పిలిచిన మనిషి, "లైటే కదండీ, ఈ ఆకుపచ్చది న్యూట్రల్‌కి కలిపేస్తే సరిపోద్ది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. లైటు వెలుగుతుండగా వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, బల్బు గుండా వచ్చిన ఫేజు వెనక్కి పోయే దారి లేక ఇత్తడి అంతటికీ పాకుతుంది.

తర్వాత ఊళ్ళోని ఎలక్ట్రికల్ దుకాణం వారు పంపిన పెద్దాయన లైటు జోలికి వెళ్ళకుండా ముందు ఇల్లంతా చూశారు. మెయిన్ ఆపి సీలింగ్ రోజ్ విప్పితే, టేకు బద్దల మీద క్లిప్పులతో పరిచిన ఆనాటి రబ్బరు తొడుగు వైరు వేలు తగలగానే పొడిగా రాలింది. మళ్ళీ మెయిన్ వేసి, గోడ మీది స్విచ్ ఆపి టెస్టరు పెడితే పైన ఫేజు అలాగే ఉంది. ఎప్పుడో ఎవరో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్ మీద వేశారు. హాలులోని ఎల్‌ఈడీ బల్బు ఆర్పిన తర్వాత కూడా రాత్రంతా సన్నగా వెలుగుతూ ఉండడానికి కారణం అదేనని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ స్విచ్ ఆపేశామన్న ధైర్యంతోనే నిచ్చెనెక్కి బల్బులు మార్చాము.

ఎర్తు ఎందుకో ఆయన అమ్మగారికి ఓపికగా చెప్పారు. లోపల వైరు అరిగి ఇత్తడికి తగిలినా, ఎర్తు లేకపోతే లైటు మామూలుగానే వెలుగుతుంది, ఫ్యూజు పోదు, తుడవడానికి చెయ్యి వేసిన మనిషికి మాత్రం 230 వోల్టుల షాకు కొడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) ఒక్కటే పెట్టినా కొంత రక్షణే, అది పనిచేయడానికి ఎర్తు అక్కరలేదు. కానీ ఎర్తు లేనిచోట మనిషి ఒంటిలోంచి కరెంటు పారాకే అది పడుతుంది. ఎర్తు ఉంటే, ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. అందుకే రెండూ ఉండాలన్నారు. ఖర్చు వద్దనుకుంటే ఇత్తడి లైటు తిరిగిచ్చేసి, చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న, రెండు పొరల ఇన్సులేషన్ గల ప్లాస్టిక్ లైటు తీసుకోమని, దానికి ఎర్తు అవసరమే లేదని కూడా దాచకుండా చెప్పారు. ఎక్కువ పని దొరికే అవకాశాన్ని వదులుకుని ఇలా చెప్పేవారిని నేను అరుదుగా చూశాను.

అమ్మగారు ఇత్తడి లైటే కావాలన్నారు. మీటరు దగ్గరి పాత ఎర్తు తీగ తుప్పు పట్టి ఎప్పుడో తెగిపోయింది కాబట్టి, పెరట్లో కొత్త గుంత తవ్వించి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశారు. అక్కడి నుంచి మెయిన్ బోర్డుకు ఎర్తు తెచ్చి, ఆర్‌సీసీబీ కూడా పెట్టి, హాలుకు మాత్రం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు మూడూ పీవీసీ కేసింగ్‌లో దూలం పక్కగా లాగారు. స్విచ్‌ను ఫేజు మీదికి మార్చారు. లైటు బరువు పాత చెక్క దిమ్మ మీద పడకుండా దూలానికే ఇనుప కొక్కెం బిగించారు. మిగతా గదులకు ప్రస్తుతానికి ప్లాస్టిక్ లైట్లే ఉంచమన్నారు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. గోడకు చేసిన రంధ్రాలు పూడ్చలేదు. వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో పాత వైర్లన్నీ పరీక్షించినా ఆ అంకెలు కాగితం మీద రాసివ్వలేదు, అడిగి రాయించుకోవలసింది. మొదటి వానకే ఆర్‌సీసీబీ మూడుసార్లు పడితే విసుగొచ్చింది, కానీ ఫోన్ చేసిన సాయంత్రమే వచ్చి, స్నానాల గది గోడలో చెమ్మెక్కిన పాత వైరు పట్టుకుని, డబ్బు తీసుకోకుండా మార్చి వెళ్ళారు.

కూలి, సామాను, గుంత తవ్వకం కలిపి 9,400 రూపాయలు అయింది. లైటు ధర కంటే ఇది ఎక్కువే. వంటింటికి, స్నానాల గదికి కూడా మూడు వైర్ల లైను లాగే పని సంక్రాంతి తర్వాత ఆయనకే అప్పగించాము.