ట్రాక్ మీదికి వెళ్లే కారుకు ఏది మేలు: ఆయిలా, ప్యాడ్లా, పెద్ద డిస్కులా?

శ్రీపెరుంబుదూరు దగ్గరి 3.7 కిలోమీటర్ల మద్రాసు రేస్ ట్రాక్ మీద సొంత కారు నడపాలని ఉబలాటపడే గోదావరి జిల్లాల యువకులు, బ్రేకుల కోసం డబ్బు దాచుకున్నప్పుడు ముందుగా చక్రంతో పాటు తిరిగే డిస్కులను పెద్దవి చేయడం గురించి, తరువాత ఆ డిస్కులను అదిమి ఆపే ప్యాడ్లలో రేసు రకం గురించి ఆలోచించి, పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఆయిల్‌ను చివరికి వదిలేస్తారు. ఈ వరుసను తలకిందులు చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

వెయ్యి కిలోల కారును గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 140 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారును ట్రాక్ మీద 140 నుంచి 60కి తగ్గిస్తే ఆ వేడి 600 కిలోజౌళ్లు దాటుతుంది, పైగా బ్రేకులు చల్లారకముందే మరో మలుపు వస్తుంది. ఆ వేడి ప్యాడ్ల గుండా, వాటిని డిస్కుకు అదిమే కాలిపర్‌లోని ఆయిల్‌కు చేరి దానిని మరిగిస్తే ఆవిరి బుడగలు పుడతాయి. ఒత్తిడి పడితే ఆవిరి కుంచించుకుపోతుంది కనుక పెడల్ అడుగుదాకా దిగిపోయినా కారు ఆగదు.

బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అనే గుర్తుతో, అంకెతో చెబుతారు. కొత్త డాట్ 4 ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం చెబుతుంది, 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనీస హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కు ఈ అంకెలు 260, 180. అంటే తాజా డాట్ 4, తేమ పట్టిన ఖరీదైన 5.1 కన్నా నమ్మదగినది. ఈ ఆయిల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రమూ కాలువలూ చేపల చెరువులూ చుట్టూ ఉన్న మన గాలిలో తేమకు కొదవ లేదు. రెండు వానాకాలాలు గడిచిన ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం ప్రాణాలతో చెలగాటమే. 300 డిగ్రీలు దాటినా మరగని రేసు ఆయిల్ కూడా దొరుకుతుంది కానీ, తరచుగా మార్పించే ఓపిక ఉన్నవారికే అది తగినది. సిలికోన్‌తో తయారయ్యే డాట్ 5 వేరే జాతి. దానిని వీటిలో దేనితోనూ కలపకూడదు.

ప్యాడ్ల విషయంలో అసలు రేసు రకం కన్నా, రోడ్డుకూ ట్రాక్‌కూ పనికివచ్చే మధ్యరకమే మేలు. మన కారు అమలాపురం నుంచి ఐదువందల కిలోమీటర్లకు పైగా తన చక్రాల మీదే వెళ్లి రావాలి. రేసు ప్యాడ్ బాగా వేడెక్కితే గాని పట్టు ఇవ్వదు. తెల్లవారుజామున కాలువ గట్టు రోడ్డు మీద గేదెల మంద అడ్డం వచ్చినప్పుడు ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఏ రకమైనా సరే, కొత్త ప్యాడ్లను ఖాళీ రోడ్డు మీద క్రమంగా వేడి చేసి చల్లార్చి, డిస్కుతో పొందిక కుదిరిన తరువాతే ట్రాక్ మీదికి తీసుకువెళ్లాలి.

పెద్ద డిస్కులు ఎక్కువ వేడిని ఇముడ్చుకుంటాయన్నది నిజమే. అయితే వాటికి తగిన కాలిపర్లు, కొన్ని కార్లకు పెద్ద చక్రాలు కూడా కావాలి. ముందు వెనుక బ్రేకుల సమతూకం కూడా మారిపోవచ్చు. ఉన్న డిస్కుల మందం, వాటి మీద చెక్కిన కనీస కొలతకన్నా బాగా ఎక్కువగా ఉండి, పగుళ్లు లేకపోతే మొదటి ట్రాక్ డేకు, అంటే సొంత కారును ట్రాక్ మీద నడిపే రోజుకు, అవే చాలు. అక్కడ పెడల్ మెత్తబడితే లోపం ఆయిల్‌ది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లది. తాజా ఆయిల్‌తో, మంచి ప్యాడ్లతో కూడా కొన్ని రౌండ్లకే పట్టు తప్పుతుంటే, డిస్కుల ఖర్చు గురించి అప్పుడు ఆలోచించవచ్చు.