ట్రాక్ మీద ఆయిల్ సర్జ్‌కి విరుగుడు: ఆటోనగర్‌లో చేయించిన బ్యాఫిల్ సంప్, కొన్నేళ్ల వాడకం తర్వాత

కారు మారుతి ఎస్టీమ్, 1298 సీసీ పెట్రోల్ ఇంజిన్. విజయవాడలో రోజూ తిరిగేదీ, వీలు దొరికినప్పుడు శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పేదీ ఇదే. ట్రాక్ మీద ఎంత తోలినా, సాయంత్రానికి అదే కారులో నెల్లూరు, ఒంగోలు మీదుగా దాదాపు 450 కిలోమీటర్లు ఇంటికి రావాలి. ఇంజిన్ పోతే లారీ ఎక్కించి తెచ్చుకోవడమే. అందుకే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే సంప్‌లో, అడ్డురేకులూ (బ్యాఫిల్స్) తలుపులూ పెట్టించాను. కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

మామూలు కార్లలో ఆయిల్ ఇంజిన్ కింద సంప్‌లో ఉంటుంది, పంపు దాన్ని అడుగు నుంచి స్ట్రెయినర్ అనే జాలీ మూతి ద్వారా లాగుతుంది. కారు మలుపు తిరిగితే ఆయిల్ మలుపు బయటి వైపుకి ఎగబాకుతుంది. 1 జీ బలంతో, అంటే భూమి లాగేంత బలం పక్కకి పడేలా, తిరిగితే ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. మంచి రోడ్డు టైర్లతో వచ్చే 0.8 జీకే దాదాపు 39 డిగ్రీలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎంత గట్టిగా తిప్పినా ఆ వాలు ఒక్క క్షణమే. ట్రాక్ మీద పొడుగాటి మలుపులో మూడు నాలుగు సెకన్లు అలాగే నిలబడుతుంది. పైగా 6000 ఆర్‌పీఎం దగ్గర పంపు పైకి పంపిన ఆయిల్ అంతా వెంటనే కిందికి దిగదు, కొంత సిలిండర్ హెడ్‌లోనే ఆగుతుంది. సంప్‌లో మిగిలిన కాస్తా ఒక మూలకి చేరితే స్ట్రెయినర్ గాలి పీలుస్తుంది. ఆయిల్ సర్జ్ అంటే ఇదే. అప్పుడు క్రాంక్‌కీ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగ్‌కీ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర తెగిపోతుంది. సాధారణంగా ముందు దెబ్బతినేవి పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులు, ఎందుకంటే ఆయిల్ క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు దాటి, క్రాంక్ లోపలి రంధ్రాల గుండా వెళ్లి, చివర్లో వాటికి అందుతుంది.

సంప్ కంటే ముందు కొనాల్సింది ఆయిల్ ప్రెషర్ గేజ్. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఉంది కదా అని ఊరుకోకూడదు. దాని స్విచ్ సాధారణంగా ప్రెషర్ అర బార్ దరిదాపుకి పడితే గానీ పనిచేయదు. ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అనే పాత లెక్క ప్రకారం 6000 దగ్గర 60 పీఎస్ఐ, అంటే దాదాపు 4 బార్ ఉండాలి. అది ఒకటిన్నరకి పడినా ఆ లైటు నోరు మెదపదు. నేను గేజ్‌తో పాటు 2 బార్ కంటే తగ్గితే వెలిగే పెద్ద లైటు కూడా పెట్టించాను. మలుపులో ముల్లు చూసే తీరిక ఉండదు కాబట్టి ఫోన్‌ని గేజ్ వైపు తిప్పి బిగించాను. ఆ రాత్రి వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే విషయం తేలింది. ఎడమ మలుపుల్లో ముల్లు కదల్లేదు. పొడుగు కుడి మలుపు మధ్యలో మాత్రం 4 నుంచి ఒకటికి జారింది, కారు తిన్నగా అయ్యాక మళ్లీ లేచింది. అన్ని ల్యాపుల్లోనూ ఇదే వరస.

ముందు చేసింది, అందరూ చెప్పేదీ, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీది మాక్స్ గీత కంటే అర లీటరు ఎక్కువ పోయడం. పనిచేస్తుంది గానీ సగమే. ఆయిల్ మరీ పైకొస్తే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఇంజిన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ గొట్టం గుండా, గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి కూడా వస్తుంది.

ఆటోనగర్‌లో లారీల పని చేసే వెల్డర్ ఒకాయన దగ్గరికి పాత సంప్ ఒకటి తీసుకెళ్లాను. ఎస్టీమ్‌ది రేకు సంప్, వెల్డింగ్‌కి అనువు. కాగితం మీద గీసి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్నే అసలైనది: "అబ్బాయ్, తలుపు లోపలికే తెరుచుకోవాలా, రెండు పక్కలకీ ఊగాలా?" లోపలికే బాబాయ్ అన్నాను. స్ట్రెయినర్ చుట్టూ నాలుగు గోడల పెట్టె, ఒక్కో గోడకి ఒక చిన్న తలుపు. ఆయిల్ లోపలికి వస్తే తెరుచుకుంటుంది, బయటికి పోబోతే దానంతటదే మూసుకుంటుంది. పైన ఒక రేకు, లేకపోతే ఆయిల్ గోడ దాటి పోతుంది. ప్రతి తలుపునీ వేలితో తోసి వదిలి చూశాం, టక్కుమని మూసుకోవాలి. ఒకటి బిగుసుకుంటే కీలు విప్పి ఆకురాయితో రుద్ది మళ్లీ పెట్టాడు. కీలు పుల్ల జారిపోకుండా రెండు చివరలా వెల్డింగ్ చుక్క పెట్టించండి.

రెండు పరీక్షలు తప్పనిసరి. ఒకటి, సంప్‌లో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచడం. వెల్డింగ్‌లో సూది మొన అంత సందు ఉన్నా పొద్దునకి తడి కనిపిస్తుంది. రెండోది, స్ట్రెయినర్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, సంప్ బిగించి, మళ్లీ తీసి, నలిగిన ముద్ద మందం కొలవడం. అడుగుకీ స్ట్రెయినర్‌కీ మధ్య ఖాళీ ముందున్నంతే ఉండాలి. తగ్గితే ఆయిల్ రాదు, పెరిగితే గాలి వస్తుంది. వెల్డింగ్ వేడికి సంప్ అంచు కూడా వంకరపోతుంది, బిగించే ముందు చదును చేయించాలి.

ఇక ఫలితం. అదే ట్రాక్, అదే టైర్లు, అదే ఆయిల్. కుడి మలుపులో ముల్లు 4 నుంచి మూడున్నరకి వస్తోంది, అంతకంటే దిగడం లేదు. గట్టి బ్రేకు మీద కూడా నిలకడగా ఉంది. ఈ మధ్య సంప్ దించినప్పుడు రాడ్ బేరింగులు విప్పి చూశాను. గీతలు లేవు, బూడిదరంగు పొర ఎక్కడా లేవలేదు. తలుపుల కీళ్లు కొద్దిగా వదులయ్యాయి, అయినా మూసుకుంటున్నాయి. ఆ బేరింగులు చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన తృప్తి ఏ ల్యాప్ టైమూ ఇవ్వలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆయిల్ మార్చేటప్పుడు పెట్టెలో కొంత నిలిచిపోతుంది, డ్రెయిన్ బోల్టు విప్పి చాలాసేపు వదిలేయాలి. సంప్ అంచుకి సిలికాన్ ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని, తెగిపడి స్ట్రెయినర్‌కి అడ్డం పడుతుంది. పక్కలకి రెక్కలు పెంచి సంప్ పెద్దది చేయమన్నవాళ్లున్నారు. మన స్పీడ్ బ్రేకర్లకి కింద ఏదీ పెంచకపోవడమే నయమని నేను ఒప్పుకోలేదు.

సెమీ స్లిక్ టైర్లు (ట్రాక్ కోసం చేసిన, పట్టు ఎక్కువుండేవి) వేసేవాళ్లకి ఇది ఒక్కటే సరిపోతుందని చెప్పను. పట్టు పెరిగితే వాలూ పెరుగుతుంది, వాలి ఉండే సమయమూ పెరుగుతుంది. అక్కడ అక్యుసంప్ లాంటి అక్యుములేటర్ కావాలి. ప్రెషర్‌తో ఆయిల్ దాచుకున్న సిలిండర్ అది, ప్రెషర్ పడగానే ఇంజిన్‌లోకి వదులుతుంది. తలుపులు ఆయిల్‌ని స్ట్రెయినర్ దగ్గర ఆపుతాయి, సిలిండర్ ఆ లోపు వచ్చే లోటు పూడుస్తుంది. పూర్తి విరుగుడు డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజిన్ కింద కాకుండా వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) గానీ, దాని ఖర్చుకి ఇంకో ఎస్టీమ్ వస్తుంది. రోడ్డు టైర్లతో ట్రాక్ డేలకి వెళ్లేవాళ్లకి గేజ్, తలుపుల సంప్, మాక్స్ గీత దాకా ఆయిల్ చాలు. ప్రతి సెషన్ అయ్యాక ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూసి, తగ్గినంత పోసుకుని మళ్లీ వెళ్లండి.