బోర్డు కిట్ కొంటున్నారా? లోపలి మేక్‌ఫైల్ చూశాకే డబ్బు కట్టండి

మైక్రోకంట్రోలర్ (మనం ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ చిప్) బోర్డుతో పాటు సోర్స్ కోడ్ కూడా ఇచ్చే కిట్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన నెల 4,200 రూపాయలు పోసి ఒకటి కొన్నాను. బోర్డుకేం లోపం లేదు. తంటా అంతా మేక్‌ఫైల్‌తోనే, అంటే సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ ఎలా తయారుచేయాలో 'మేక్' అనే టూల్‌కి చెప్పే ఫైల్‌తో.

చిప్‌లో ఫ్లాష్, అంటే ప్రోగ్రామ్ ఉండే మెమరీ, 64 కేబీ. 'మేక్ డీబగ్=0' అని కొడితే తప్పులు వెతకడానికి వాడే పెద్ద డీబగ్ బిల్డ్ కాకుండా చిన్న సైజు రిలీజ్ బిల్డ్ వస్తుందని వాళ్ల కాగితంలో ఉంది. కొట్టాను. ఫ్లాష్‌లో చోటు చాలదని లింకర్ (ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ చేసే టూల్) ఎర్రర్. క్లీన్ చేసి, అంటే పాత బిల్డ్ ఫైళ్లు చెరిపేసి, మళ్లీ కొట్టినా అదే. అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే, ఇంకో 1,500 కట్టి పెద్ద చిప్పున్న బోర్డు తీసుకోమన్నారు. నిజంగానే తీసుకునేవాణ్ణి.

రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి 'మేక్ -ఎన్' కొట్టాను. ఇది కమాండ్లను నడపదు, ఏం నడపబోతోందో చూపిస్తుందంతే. కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ లైన్‌లో '-ఓ0' కనిపించింది, అంటే ఆప్టిమైజేషన్ (కోడ్‌ని మెరుగుపరిచి కుదించడం) అసలు లేదు. డీబగ్ వద్దని చెప్పినా డీబగ్ బిల్డే!

మేక్‌ఫైల్‌లో ఫ్లాగ్స్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు) వేరియబుల్‌ని $(ఇఫ్ ...) ఫంక్షన్‌తో రాశారు. ఆ ఫంక్షన్ అంకెల విలువ చూడదు. షరతు ఖాళీగా ఉందా, ఏదైనా ఉందా, అంతే చూస్తుంది. '0' కూడా ఒక అక్షరమే కాబట్టి అది 'ఉంది' కిందే లెక్క. వేరియబుల్‌కి ఏదైనా విలువ ఉందా అని మాత్రమే చూసే ఇఫ్‌డెఫ్‌తో రాసినా ఇదే గతి. విలువ '1' అవునా కాదా అని ఇఫ్‌ఈక్యూతో పోల్చాల్సిన చోటు అది.

అది సరిచేస్తే బిల్డ్ 41 కేబీకి దిగింది, కానీ ఎల్‌ఈడీ వెలగలేదు. 'బోర్డ్ = వీ2   # కొత్తది' అని ఇంకో లైన్ ఉంది. కామెంట్‌కి ముందున్న ఖాళీలు కూడా విలువలో కలిసిపోతాయి. దాంతో ఇఫ్‌ఈక్యూలో 'వీ2'తో పోలిక కుదరక పాత బోర్డు పిన్నులే సెట్ అయ్యాయి. ఆ ఖాళీలు తీసేసే స్ట్రిప్ ఫంక్షన్ పెట్టాకే వెలిగింది.

ఈ మెయిళ్ల మధ్యలో 7 రోజుల రిటర్న్ గడువు దాటిపోయింది. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఇలాంటి కిట్ అమ్మి, తప్పు కొన్నవాళ్ల మీదికి నెట్టడం చాలా అన్యాయం.

కొనేముందే మేక్‌ఫైల్ పంపమని అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. కొన్నాక మాత్రం పార్సిల్ విప్పిన రోజే క్లీన్ చేసి డీబగ్=0తో ఒకసారి, డీబగ్=1తో ఒకసారి 'మేక్ -ఎన్' కొట్టి రెండు అవుట్‌పుట్లూ పక్కపక్కన పెట్టండి. కంపైలర్ లైన్లలో తేడా లేకపోతే ఆ రోజే రిటర్న్ పెట్టేయండి.