తాయ్ హాంగ్ డ్రాగనా, విక్టోరియా పార్కు లాంతర్లా?

హాంకాంగ్‌లో మిడ్-ఆటమ్ పండుగకి ఒక్క రాత్రే ఉండగలిగితే ఎటు వెళ్లాలి? చైనా పంచాంగంలో ఎనిమిదో నెల పున్నమి అది. మనకి ఓ ఏడాది భాద్రపద పౌర్ణమితో, ఇంకో ఏడాది ఆశ్వయుజ పౌర్ణమితో కలుస్తుంది. విక్టోరియా పార్కులో లాంతర్ల వేడుక, తాయ్ హాంగ్ అనే పేట వీధుల్లో అగ్ని డ్రాగన్ ఆట. రెంటికీ మధ్య దూరం సుమారు పది నిమిషాల నడక.

చంటిపిల్లలో, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లో వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, పార్కే మేలు. టికెట్ లేదు, కూర్చోడానికి చోటుంటుంది. కుందేలు లాంతర్లు చూస్తూ పిల్లలు గంటలు గడిపేస్తారు. ఏర్పాట్లన్నీ ప్రభుత్వానివే కాబట్టి పద్ధతిగా జరుగుతుంది. నాకు అక్కడ లోటుగా అనిపించేది కూడా అదే: మనం చూసి వచ్చేస్తాం, అంతే.

తాయ్ హాంగ్ అలా కాదు. ఒకప్పుడది హక్కా అనే చైనా తెగ జనం ఊరు. 1880లో తుపాను, ఆ వెనకే అంటురోగం. ఊరివాళ్లు కొండచిలువని చంపినందుకే ఇదంతా వచ్చిందనీ, పున్నమికి అగ్ని డ్రాగన్‌ని ఆడించి టపాకాయలు కాల్చమని ఒక పెద్దాయనకి కల వచ్చిందనీ కథ. రోగం తగ్గిందట, ఆట ఆనవాయితీగా మిగిలిపోయింది. అప్పటికి విక్టోరియా పార్కు ఉన్న చోట సముద్రం! దాన్ని పూడ్చి 1957లో పార్కు తెరిచారు. 1967 నుంచి నగరంలో టపాకాయలు నిషేధం. అందుకని ఇప్పుడు ఆ నిప్పంతా అగరొత్తులదే.

డ్రాగన్ పొడవు 67 మీటర్లు. ఒళ్లంతా గడ్డి చుట్టిన మోకు, తల పేముతో అల్లింది, పళ్లు రేకు ముక్కలు, కళ్లు టార్చిలైట్లు. గడ్డిలోకి వేల అగరొత్తులు గుచ్చి వెలిగిస్తారు. ముందు ఇద్దరు కర్రలకి గుచ్చిన పంపర పనసకాయలు పట్టుకుని పరిగెడతారు, వాటినిండా అగరొత్తులే. అవి డ్రాగన్ వెంటాడే ముత్యాలు. డప్పు మోగగానే తల మన ముఖం మీదికే వచ్చినట్టుంటుంది. పొగకి కళ్లు మండుతాయి, ముందు వరుసలో నిలబడితే నిప్పురవ్వలు చేతిమీద పడతాయి. మోసేవాళ్లు దాదాపు మూడొందల మంది. అద్దెలు ఆకాశాన్నంటే నగరంలో ఒక పేట తన పండుగని తానే భుజాన మోసుకోవడం చూస్తే నాకు గొంతు పూడుకుపోతుంది.

కాబట్టి నడవగలిగేవాళ్లకి నా ఓటు తాయ్ హాంగ్‌కే. చైనా 2011లో దీన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఆట 14, 15, 16 తిథుల్లో మూడు రాత్రులూ ఉంటుంది గనక ఇంకో రోజు ఆగగలిగితే పార్కూ చూడొచ్చు. నూలు బట్టలే వేసుకోండి, నైలాన్ వద్దు. గంట ముందే చేరి వీధి అంచున నిలబడండి. ఆట అయ్యాక కాలుతున్న అగరొత్తులు జనానికి పంచుతారు, శుభమని. ఇస్తే రెండు చేతులా పుచ్చుకోండి.