ఆవనూనె పడనివాళ్ళకి బరంపురంలో ఒక మంచి గానుగ

ఒడిశాలోని బరంపురంలో ఉంటూ ఆవనూనె పడదంటే ఎంత ఇబ్బందో ఇక్కడి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, బయట చేపల కూర తిన్నా, ఆవముద్ద వేసి వండే ఒడియా కూర బెసర తిన్నా, పక్కింటివాళ్ళు ప్రేమగా పంపిన కూర తిన్నా అందులో అదే ఉంటుంది. నాకు తింటే కడుపులో మంట, తేన్పులు, ఇంక రాత్రి నిద్రుండదు. దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం లాంటివి ఉన్నాయా అని డాక్టర్ గారు గుచ్చి గుచ్చి అడిగి, అవేం లేవు కాబట్టి ఎలర్జీ కాదు, ఒంటికి సరిపడకపోవడమే, మానెయ్యండి అన్నారు. అవి ఉన్నవాళ్ళు మాత్రం ఆవగింజ కూడా ముట్టుకోకూడదు, అది వేరే సంగతి.

నాకు పోపులో ఆవాలు ఏమీ చెయ్యవు. ఆవాల ఘాటు గింజ నలిగి తడి తగిలినప్పుడే పుడుతుందట, వేడి నూనెలో చిటపటలాడితే అంత రాదు. గానుగలో ఆవాలు ఆడేటప్పుడు నీళ్ళు చిలకరిస్తారు కదా, ఆ ఘాటంతా నూనెలోకే. అందుకే ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా మానేశా, అదొక్కటే చాలా బాధగా ఉంది.

ఇక షాపు సంగతి. పాత బస్టాండ్ వైపు సందులో చెక్క గానుగ. చాలా చోట్ల ఒకే గానుగలో పొద్దున ఆవాలు, మధ్యాహ్నం పల్లీలు ఆడేస్తారు, అలాంటి చోట కొన్న పల్లీ నూనెతో కూడా నాకు మంట వచ్చేది. ఇక్కడ ఆవాలకి గానుగ వేరు, జల్లెడ వేరు, డబ్బాలు వేరు. "ఆవాలది ఆ మూలదమ్మా, దీంట్లో పల్లీ, నువ్వులే" అని ఓనర్ గారు దగ్గరుండి చూపించారు. అరచేతిలో రెండు చుక్కలు రుద్దుకుని వాసన చూశా, పచ్చి పల్లీ కమ్మదనమే, ముక్కుకి ఎక్కే ఘాటు అస్సలు లేదు.

2021 జూన్ 8 నుంచి ఆవనూనెలో వేరే నూనె కలిపి అమ్మడం నిషేధం, కానీ ప్యాకెట్ల మీద విడిగా ఎలర్జీ హెచ్చరిక రాయాల్సిన లిస్టులో పల్లీ, సోయా ఉన్నాయి గానీ ఆవాలు లేవు, కాబట్టి చిప్స్, పచ్చళ్ళు కొనేటప్పుడు వెనకాల చిన్నక్షరాలు మొత్తం చదవాల్సిందే.

లోపాలు కూడా చెప్పాలి. సీసా మీద ఆడిన తేదీ ఉండదు, అడిగితేనే రాస్తారు. రేటు ప్యాకెట్ నూనె కంటే బాగా ఎక్కువ, లీటరుకి రెండున్నర కేజీల దాకా పల్లీలు పడతాయి మరి. అడుగున మడ్డి ఉంటుంది, తేరాక పైది వంచుకోండి. పల్లీ ఎలర్జీ ఉన్నవాళ్ళు దయచేసి కొనకండి, రిఫైన్డ్‌లో పోయే పల్లీ ప్రోటీన్ గానుగ నూనెలో మిగిలే ఉంటుంది. పొద్దున్నే స్టీలు క్యాన్ పట్టుకుని వెళ్తే ఎదురుగా ఆడించి పోస్తారు.