అమెరికాలో ఇంటి రక్షణకు తుపాకీనా, అలారమా?

ఇంట్లో ఆత్మరక్షణకు హ్యాండ్‌గన్ ఉంచుకోవడం పౌరుడి హక్కేనని 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ హక్కు ఉన్నంత మాత్రాన కొని తీరాలని లేదు.

ముందు మీ వీసా చూసుకోండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. అలారానికి వీసాతో పనే లేదు.

ఖర్చు: తుపాకీకి వందల డాలర్లు, ఆపైన సేఫ్, తూటాలు, శిక్షణ. అలారం చవకే, కానీ మానిటరింగ్ (అలారం మోగితే కంపెనీ వాళ్లు చూసి పోలీసులకు చెప్పే సేవ) పెట్టుకుంటే నెలనెలా బిల్లు.

శ్రమ: తుపాకీకి షాపులో ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. న్యూజెర్సీలో ముందే పర్మిట్, వేలిముద్రలు కావాలి. టెక్సస్‌లో కొనడానికి పర్మిట్ అక్కర్లేదు. కొన్నాక సాధన మానకూడదు. అలారం ఒక పూటలో బిగించేయొచ్చు.

ప్రమాదం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మంచం పక్క సొరుగులో తూటాలు నింపి ఉంచిన తుపాకీ అయిదేళ్ల పిల్లాడికీ అందుతుంది, డిప్రెషన్‌లో ఉన్న టీనేజర్‌కీ అందుతుంది. అలారంతో తప్పుడు మోతలు, కాస్త టెన్షన్, అంతే. అయితే అది దొంగను ఆపలేదు, పిలుపు మాత్రమే పంపుతుంది.

పోలీసులు రావడానికి చాలాసేపు పట్టే పల్లె ఇల్లు, పిల్లల్లేని, శిక్షణ పొందిన దంపతులు అయితే తుపాకీ, తాళం వేసిన సేఫ్‌లో. సబర్బ్‌లో పిల్లలున్న ఇల్లు, లేదా మనసు బాగోలేని మనిషి ఉన్న ఇల్లు అయితే అలారమే.