నెబ్యులాలు తీయడానికి ఒలింపస్ ఓఎం-1, ఎక్టాక్రోమ్ రీలు: నా రివ్యూ

రీలు మీద నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) తీయాలని ఉంది, ఏ కెమెరా కొనమంటారని ఎవరడిగినా నేను ఒలింపస్ ఓఎం-1 పేరే చెబుతాను. కావలిలో మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళన్నీ రీళ్ళ మీద తీసిన కాలం నుంచి చాలా కెమెరాలు వాడాను. రాత్రి ఆకాశం పనికి మాత్రం దీనంత నమ్మకంగా ఏదీ పనిచేయలేదు.

ఇది 1972లో ఎం-1 పేరుతో వచ్చి, మరుసటి ఏడు ఓఎం-1 అయింది. షట్టర్ మొత్తం మెకానికల్. బ్యాటరీ కావాల్సింది లైట్ మీటర్‌కు మాత్రమే. దాని అసలు బ్యాటరీ పాదరసంది, ఇప్పుడు దొరకదు. పగలు ఫోటోలు తీసేవాళ్ళకు అది ఇబ్బందే గానీ మనకు కాదు, నక్షత్రాల వెలుగు ఏ మీటరూ చూపించదు. షట్టర్‌ను ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపు తెరిచి ఉండే అమరిక) పెట్టి, కేబుల్ రిలీజ్ (కెమెరాను ముట్టకుండా షట్టర్ నొక్కే తీగ) నొక్కి, దాని స్క్రూ బిగిస్తే షట్టర్ పది నిమిషాలైనా, గంటైనా తెరుచుకునే ఉంటుంది. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ షట్టర్ల కెమెరాలు చాలావాటిలో అంతసేపు తెరిచి పెడితే బ్యాటరీ కరిగిపోతుంది.

రెండో సుగుణం లెన్స్ పక్కనున్న చిన్న నాబ్. దాన్ని తిప్పితే కెమెరా లోపల వ్యూఫైండర్‌కు దృశ్యం చూపే అద్దం ముందే పైకి లేచి ఆగిపోతుంది, కాబట్టి షట్టర్ తెరిచినప్పుడు అద్దం ఎగిరే అదురు ఉండదు. ఓఎం-2లో ఈ సౌకర్యం లేదు, కొనేటప్పుడు పేరు చూసి పొరపడకండి. మూడోది బరువు. బాడీ 510 గ్రాములే, నాలాగా ఇంట్లో చేసుకున్న చెక్క ట్రాకర్ (చుక్కల కదలికతో పాటు కెమెరాను తిప్పే సాధనం) మీద పెట్టేవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు వెనక మూత తీసి, షట్టర్ గుడ్డ వెనక టార్చి పెట్టి చూడండి. సూది మొనంత బెజ్జం ఉన్నా అక్కడి నుంచి వెలుతురు దిగి రీలు పాడవుతుంది. మూత చుట్టూ ఉండే ఫోమ్ ఎటూ జిగటగా మారి ఉంటుంది, మార్పించుకోవాలి. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళలో లెన్సులకు ఫంగస్ త్వరగా పడుతుంది, అదీ వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసుకోండి.

ఇక రీలు. ఫలితం కెమెరా కన్నా దీని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నెబ్యులాల్లోని హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. మామూలు డిజిటల్ కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ రీళ్ళలో ఫ్యూజీ ఆక్రోస్‌కు మంచి పేరుంది, 120 సెకన్ల దాకా అది మందగించదు, ఎక్స్‌పోజర్ (వెలుతురు పడనిచ్చే సమయం) అదనంగా పెంచకుండానే తీయొచ్చు. కానీ ఎరుపు ఆ చివరకు వచ్చేసరికి దాని చూపు ఆనదు. నక్షత్ర గుచ్ఛాలకు బాగుంటుంది, ఎర్ర నెబ్యులాలకు వద్దు.

కొడాక్ 2018లో మళ్ళీ తెచ్చిన ఎక్టాక్రోమ్ ఇ100 స్లయిడ్ రీలు (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) ఆ ఎరుపును పట్టుకుంటుంది. 50 ఎంఎం లెన్సును ఎఫ్/2.8 దగ్గర పెట్టి, పది నిమిషాలు తెరిచి తీసిన ఓరియన్ నక్షత్ర మండలం స్లయిడ్‌ను లైట్ బాక్స్ మీద భూతద్దంతో చూస్తే, ఎం42 (ఓరియన్ నెబ్యులా) గులాబీ రంగులో, మధ్యలో తెల్లగా కనిపిస్తుంది. అక్కడి నక్షత్రాల్లో బీటల్‌జూస్ నారింజ, రీగెల్ నీలం. ఆ రంగులను ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు. ఒక్క బాధేమిటంటే, ఎక్స్‌పోజర్ బాగా సాగితే ఏ రీలైనా మందగిస్తుంది. రెట్టింపు సేపు తెరిచినా రీలు మీద రెట్టింపు వెలుగు నమోదు కాదు. అందుకే నేను డెవలపింగ్‌లో ఒక స్టాప్ పుష్ చేయిస్తాను, అంటే బొమ్మ ఒక మెట్టు ప్రకాశంగా వచ్చేలా ఎక్కువసేపు కడిగిస్తాను. ధర కూడా తక్కువేం కాదు, రీలు రెండు వేలు దాటుతుంది.

ట్రాకర్ కొనక్కర్లేదు. రెండు చెక్కలు, ఒక బందు, ఒక ఎం6 స్క్రూ (ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగేది) చాలు. బందుకు 228.5 మిల్లీమీటర్ల దూరంలో స్క్రూ బిగించి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క భూమి తిరిగే వేగంతో లేస్తుంది. మా అల్లుడు వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ పదిహేను సెకన్లకు పావు చుట్టు తిప్పుతాడు. ‘‘మామా, గాలొస్తా ఉంది, ఆపేద్దామా?’’ అని వాడే ముందు కనిపెడతాడు. బందును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టడమే అసలు పరీక్ష. మనకది నేలకు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఒక్క వేపచెట్టు అడ్డమొచ్చినా కనిపించదు. తీరం వైపు రొయ్యల గుంటల లైట్లతో ఆకాశం తెల్లబడిపోయింది. అందుకే వింజమూరు దాటి ఉదయగిరి వైపు, ఉత్తరం ఖాళీగా ఉన్న చేను చూసుకుని పోతాం.

రీలు కడిగించడం దగ్గర జాగ్రత్త. స్లయిడ్ రీలు కడిగేవాళ్ళు మా దగ్గర లేరు, కొరియర్లో పంపాలి. ఒక ల్యాబ్ వాళ్ళు నల్లటి ఫ్రేముల్లో హద్దు కనిపించక ఓరియన్‌ను నడిమికి కోసి పంపారు. చాలా బాధేసింది. అప్పటి నుంచి రీల్లో మొదటి ఫ్రేమ్ పగలే, ఇంటి ముందు వీధిని తీస్తాను, ఎక్కడ కోయాలో ల్యాబ్ వాళ్ళకు కొలత దొరకడానికి. డబ్బా మీద పెద్దక్షరాలతో ‘కట్ చేయొద్దు’ అని కూడా రాస్తాను.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులు, వానలు. జనవరి నుంచి మార్చి దాకా ఓరియన్‌కు మంచి కాలం, మంచు పడుతుంది కాబట్టి లెన్సు తుడవడానికి మెత్తని గుడ్డ దగ్గరుంచుకోండి. ఏప్రిల్ నడి రాత్రుల్లో ఒమేగా సెంటారీ గుచ్ఛం దక్షిణాన 28 డిగ్రీల దాకా లేస్తుంది, యూరప్‌లో చాలా చోట్ల దాన్ని చూడనే లేరు. దూరపువి దగ్గరగా చూపే 135 ఎంఎం లెన్సుతో దాన్ని తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చేత్తో తిప్పే చెక్క మీద 135తో చుక్కలు సాగిపోతాయి. ముందు 50తో ఒక రీలు పూర్తిచేసి, స్లయిడ్లో చుక్కలు గుండ్రంగా వస్తున్నాయని చూసుకున్నాకే పెద్ద లెన్సు కొనండి.